కింది పుండుకు కరెంటు కీమో: అడగడం ఎలా, ఇంట్లో చూసుకోవడం ఎలా

మా పెద్దమ్మ మొదట నడుము నొప్పి అంది. రెండో నెలలో కడుపులో మంట అంది. లోపల ఉక్కగా ఉందని మంచం వరండాలోకి మార్పించుకుంది. తర్వాత కంచం, చెంబు కూడా వేరు పెట్టుకుంది. వాళ్లది కావలికి దగ్గరలోని పల్లె, రాత్రిళ్లు సముద్రపు గాలి వీచే చోటు. అందుకే వరండాలో పడుకుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అసలు సంగతి వేరే. నాలుగేళ్ల కిందట జననాంగం బయటి పెదవి మీద క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చారు. అదే చోట మళ్లీ పుండు లేచింది. దాని వాసన మనవళ్లకు తగలకూడదని ఆమె బయట పడుకుంది.

మళ్లీ కోయడానికి వీల్లేదని, రేడియేషన్ ఇవ్వగలిగినంత ఇచ్చేశామని డాక్టర్లు చెప్పాక ఇంట్లోవాళ్లకు ఏం చేయాలో తోచదు. అలాంటి ఇళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎలక్ట్రోకీమోథెరపీ అని ఒక చికిత్స ఉంది. అది జబ్బును శరీరంలోంచి తీసేయదు. పుండును చిన్నది చేసి, రసి, రక్తం, వాసన, నొప్పి తగ్గించగలదు. అది దొరికే లోపలా, దొరికాకా, అసలు దొరకకపోయినా చేయాల్సిన పని ఇంట్లోనే చాలా ఉంది. రెండూ చెబుతాను.

ముందు ఆమెను అడగండి

మన ఆడవాళ్లు ఆ చోటుకు పేరు పెట్టి మాట్లాడరు. "కింద" అంటారు, "ఆ చోట" అంటారు, మగ డాక్టరు ఎదురుగా ఉంటే "కడుపులో" అంటారు. ఇంట్లోవాళ్లకు అన్నీ "గర్భసంచి క్యాన్సర్" కిందే లెక్క. ఈ చికిత్స విషయంలో మాత్రం చోటు తెలియకపోతే ఒక్క అడుగూ పడదు. గర్భసంచి ముఖద్వారమా, గర్భసంచా, అండాశయమా, యోని గోడా, బయటి పెదవులా, గజ్జల్లో చర్మం మీద లేచిన గడ్డలా అన్నది బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టులో ఉంటుంది. ఇంగ్లీషు రానివాళ్లు ఆసుపత్రి నర్సునో, ఊళ్లో ఏఎన్ఎంనో చదివి చెప్పమని అడిగి, ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టుకోండి.

తర్వాత ఆమెతో ఒంటరిగా కూర్చోండి. కొడుకు కంటే కూతురో, కోడలో, చెల్లెలో కూర్చోవడం నయం. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అంటుంది. అలా కాకుండా "ఇందులో ఏ ఒక్కటి తగ్గితే నీకు ప్రాణం హాయిగా ఉంటుంది?" అని అడగండి. నొప్పి, వాసన, రక్తం, బట్ట తడిసిపోవడం, కూర్చోలేకపోవడం అని ఒక్కొక్కటే పేరు పెట్టి అడగండి. నొప్పి అని చెబుతుందేమో అనుకున్నాను నేను. మా పెద్దమ్మ వాసన అంది. మనవరాలి ఓణీల వేడుక రెండు నెలల్లో ఉంది, పీట దగ్గర కూర్చుని అక్షింతలు వేయాలని ఆమె కోరిక. డాక్టరుతో మేము మాట్లాడిన ప్రతి మాటా ఆ జవాబు నుంచే వచ్చింది. "తగ్గుతుందా డాక్టరు గారూ" అని అడిగితే ఎవరైనా నేలచూపులు చూస్తారు. "రెండు నెలల్లో వాసన తగ్గించగలరా" అని అడిగితే పని మొదలవుతుంది.

ఈ చికిత్స ఏమిటి, ఎవరికి పనికొస్తుంది

బ్లియోమైసిన్ అనే పాత కీమో మందు చాలా బలమైనది. కాని దానికదే కణంలోకి సులువుగా పోలేదు, కణం పొర దగ్గరే ఆగిపోతుంది. కాలవ నిండా నీళ్లున్నా తూము తలుపు ఎత్తకపోతే పొలానికి చుక్క కూడా రాదు కదా, అలాగన్నమాట. గడ్డకు సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు తగిలించి చాలా పొట్టి కరెంటు తరంగాలు పంపితే ఆ పొరలో సందులు తెరుచుకుంటాయి, కాసేపటికి మళ్లీ మూసుకుంటాయి. ఆ కాసేపట్లో మందు లోపలికి పోతుంది. ఒక్కో తరంగం సెకనులో పదివేలో వంతు సేపు ఉంటుంది, ఎనిమిది తరంగాలు ఒక వరస. కరెంటు పెట్టిన చోటనే మందు గట్టిగా పనిచేస్తుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు. జుట్టు ఊడడం, వాంతుల మీద వాంతులు లాంటివి మామూలు కీమోలో ఉన్నంత ఉండవు.

ఫ్రాన్సులో లూయిస్ మీర్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని మొదలుపెట్టింది. మనుషుల మీద తొలి ఫలితాలు 1991లో వచ్చాయి. ఎలా చేయాలో యూరప్ డాక్టర్లు 2006లో ఒక పద్ధతిగా రాసి పెట్టారు, 2018లో దాన్ని సవరించారు. బయటి జననాంగం మీద తిరగబెట్టిన క్యాన్సర్‌కు ఉపశమనంగా వాడడంలో ఇటలీలోని బొలోన్యా డాక్టర్లు ముందున్నారు. ఆ అధ్యయనాల్లో ఎక్కువ మందికి పుండు తగ్గింది. కాకపోతే అవి చిన్న అధ్యయనాలు, పాల్గొన్న ఆడవాళ్లు కొన్ని పదుల మందే. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, "కరెంటు పెడితే క్యాన్సర్ మాడిపోతుంది" అని చెప్పి డబ్బు గుంజే మనుషులు కూడా తగులుతారు. మాడ్చడం, కాల్చడం ఇందులో లేదు. పని చేసేది మందు, దానికి తలుపు తీసేది కరెంటు.

పుండు గాని గడ్డ గాని ఎలక్ట్రోడ్ చేరగలిగిన చోట ఉండాలి. బయటి పెదవులు, యోని కింది భాగం, గజ్జల చర్మం, ఆపరేషన్ మచ్చ మీద లేచిన గడ్డలు ఇందులోకి వస్తాయి. జబ్బు ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే వాటి మీద దీని ప్రభావం ఉండదు. అయినా కింది పుండే ఆమెను ఎక్కువగా బాధపెడుతుంటే, దాని ఒక్కదానికే చేయించవచ్చు. పుండు చిన్నగా ఉన్నప్పుడు ఫలితం బాగుంటుంది. ముందే రేడియేషన్ పడిన చర్మం మీద కొంత తక్కువగా ఉండవచ్చు, తర్వాత నొప్పి ఎక్కువగా ఉండవచ్చు.

కాగితాల సంచి

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఒక సంచిలో ఇవి పెట్టండి. మేము మొదటిసారి సగం కాగితాలతో పోయి ఒక రోజు వృథా చేసుకున్నాం.

బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, రేడియేషన్ ఎక్కడ ఎన్ని రోజులు ఇచ్చారో చెప్పే సారాంశం. ఇంతకు ముందు కీమో ఇచ్చి ఉంటే మందుల పేర్లు. బ్లియోమైసిన్ ఒక మనిషికి జన్మ మొత్తంలో ఇంతకు మించి ఇవ్వకూడదన్న హద్దు ఉంది, అందుకని ఆ పేరు కనిపిస్తే గీత గీసి చూపండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కొత్తది కావాలి. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, అవి దెబ్బతిని ఉంటే మోతాదు మారుతుంది లేదా ఇవ్వరు. ఛాతీ ఎక్స్‌రే కావాలి, ఎందుకంటే ఈ మందుకు ఊపిరితిత్తుల మీద పగ. ఆయాసం, పాత క్షయ, కట్టెల పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి ఊదిన చరిత్ర ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు, గుండెకు పేస్‌మేకర్, మందు పడక దద్దుర్లు రావడం కూడా చెప్పండి. రోజూ వేసుకునే మాత్రల పట్టీలు ఉన్నవి ఉన్నట్టే సంచిలో వేసేయండి, పేర్లు రాసుకోవడం కంటే అదే నమ్మకం.

ఫోను చేశాకే రైలెక్కండి

ఈ యంత్రం ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉండదు. "పెద్ద ఆసుపత్రి కదా, ఉంటుందిలే" అని ఎవరో అంటే నమ్మి మేము ఒక నగరానికి వెళ్లాం. ఓపీ చీటీ, మూడు గంటల వరస అయ్యాక, అలాంటిది ఇక్కడ లేదమ్మా అన్నారు. పెద్దమ్మ పుండు మీద కూర్చుని వెళ్లిన దూరం అది.

కాబట్టి ముందు మీకు చికిత్స చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. నెల్లూరు, ఒంగోలు వాళ్లకు అటు తిరుపతి, ఇటు చెన్నై దగ్గర. తిరుపతిలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది, చెన్నై అడయారులో ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎక్కడికైనా సరే, ముందు ఫోను చేసి "ఎలక్ట్రోకీమోథెరపీ" అని పేరు పెట్టి అడగండి. "కరెంటు ట్రీట్‌మెంట్" అంటే ఫిజియోథెరపీకి కలుపుతారు, మాకు జరిగింది. యంత్రం ఉందా, ఆడవాళ్ల క్యాన్సర్ పుండ్లకు చేస్తారా, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు ఉండాలి అన్నవి ఆ ఫోనులోనే తేల్చుకోండి. ప్రభుత్వ వైద్య సేవ కార్డు కింద ఏది వస్తుంది, ఏది రాదు అన్నది 104కు ఫోను చేసి గాని ఆసుపత్రిలో కార్డు పని చూసే డెస్కు దగ్గర గాని చికిత్సకు ముందే అడగండి.

యంత్రం దూరంగా ఉండి ఆమె ప్రయాణం చేసే స్థితిలో లేకపోతే పట్టుబట్టకండి. రక్తం ఆపడానికి, ఇంకా వీలుంటే, ఒకటి రెండు రోజుల చిన్న రేడియేషన్, పుండుకు సరైన కట్టు, నొప్పికి మార్ఫిన్, ఈ మూడూ కలిసినా చాలా తేడా తెస్తాయి. వీటి గురించి కూడా డాక్టరును అడగండి.

ప్రయాణం గురించి ఒక మాట. చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ వేళకు అనువైనదే కాని అందులో కూర్చోవడమే తప్ప పడుకునే వీలు లేదు. బెర్తు ఉన్న రైలు చూడండి, కింది బెర్తు అడగండి. క్యాన్సర్ రోగికీ వెంట వెళ్లే ఒకరికీ రైల్వే రాయితీ ఉంది, దాని ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర కావాలి. బయల్దేరే ముందు కట్టు మార్చి, నొప్పి మాత్ర వేసి, అదనపు గుడ్డలు, ఒక ముదురు రంగు తువ్వాలు, మూత బిగుసుకునే ప్లాస్టిక్ సంచులు పెట్టుకోండి.

చికిత్స రోజు

ఊళ్లో "షాక్ పెడతారట" అన్న మాట ఆమె చెవిన పడే ఉంటుంది. ముందే చెప్పండి: ఆ చోటుకు చేసేటప్పుడు చాలావరకు పూర్తి మత్తో, నడుముకు ఇచ్చే మత్తో ఇస్తారు. ముందు రోజు రాత్రి నుంచి ఏం తినాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మత్తు డాక్టరు చెబుతారు.

మందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. అది ఒళ్లంతా చేరడానికి సుమారు ఎనిమిది నిమిషాలు ఆగుతారు. ఆ తర్వాత ఎలక్ట్రోడ్ సూదులు పుండులోనూ, దాని అంచు చుట్టూ కొద్దిగా మంచి చర్మంలోనూ గుచ్చి కరెంటు ఇస్తారు, జరిపి మళ్లీ ఇస్తారు. ప్రతిసారీ ఆ చుట్టుపక్కల కండరాలు ఒక్క కుదుపు కుదుపుతాయి. మందు రక్తంలో తగినంత ఉన్నంతలోనే పని ముగించాలి కాబట్టి ఇది గంటల తరబడి సాగేది కాదు. చాలామందిని మర్నాడు ఇంటికి పంపుతారు.

ఇంటికి వచ్చేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: నొప్పి మందు మోతాదు పెంచాలా, ఎప్పుడు మళ్లీ చూపించాలి. చాలా చోట్ల ఫలితం చూడడానికి సుమారు రెండు నెలలకు రమ్మంటారు. అవసరమైతే ఇంకోసారి చేస్తారు.

తిరిగి వచ్చాక మొదటి వారాలు

మొదటి వారం చూసి కంగారు పడకండి. పుండు నల్లబడుతుంది, చుట్టూ వాస్తుంది, రసి ఎక్కువ కారుతుంది. మా ఇంట్లో రెండో వారం వాసన ముందుకంటే పెరిగింది. చచ్చిన కణాలు పోవాలంటే ఎక్కడో ఒక చోట నుంచి పోవాలి కదా. మూడో వారం గట్టి పక్కు కట్టింది. ఆ పక్కును గిల్లకండి, నానబెట్టి లాగకండి, దాని వేళకు అదే రాలుతుంది. పెద్దమ్మకు ఆరో వారంలో స్నానం చేయిస్తుంటే కింద పడింది, అడుగున గులాబీ రంగు చర్మం కనిపించింది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

కొన్ని రోజులు ఒళ్లు గోక్కోవద్దని చెప్పండి, ఆ మందు ఉన్నప్పుడు గోకిన చోట గోధుమ రంగు చారలు పడి చాలాకాలం పోవు. 101 డిగ్రీలు దాటిన జ్వరం, కొత్తగా పొడి దగ్గు, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే ఆ రోజే ఫోను చేయండి. ఇంకొకటి, ఇది చాలామంది మర్చిపోతారు: తర్వాత ఎప్పుడు ఏ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వచ్చినా బ్లియోమైసిన్ తీసుకున్న సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి. ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆమె ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి పెట్టండి.

కట్టు కట్టడం

చికిత్స జరిగినా జరగకపోయినా ఇది మాత్రం ప్రతి రోజూ చేయాల్సిన పని. నేర్చుకుంటే ఇరవై నిమిషాలు. నేర్చుకోకుండా చేస్తే ఆమెకు గంట నరకం.

గుడ్డలు. బజారు గాజుగుడ్డ పుండుకు అతుక్కుంటుంది, పైగా ఖరీదు. పాత నూలు చీర, నూలు పంచె ఉతికి, ఎండలో ఆరేసి, అరచేయంత ముక్కలు కోయండి. వాటిని ఒక స్టీలు డబ్బాలో మూత వదులుగా పెట్టి ఇడ్లీ పాత్రలోనో కుక్కర్లోనో అరగంట ఆవిరి పట్టించండి, ఆరాక డబ్బా మూత బిగించండి. పట్టు, పాలిస్టర్ పనికిరావు, అవి నూలులా తడి పీల్చవు.

ఉప్పు నీళ్లు. అర లీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా, అంటే ఐదు గ్రాముల లోపు, ఉప్పు వేసి పది నిమిషాలు మరగనిచ్చి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లారనివ్వండి. ఏ రోజువి ఆ రోజే. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు ముద్ద, పసరు, ఇవేవీ వద్దు. మండుతాయి, మంచి చర్మాన్ని కూడా తినేస్తాయి. మంచి మనసుతో పసరు పట్టుకొచ్చే బంధువులు ఉంటారు, వాళ్లకు కాఫీ ఇచ్చి పంపండి.

వేళ. నొప్పి మందు వేసి అరగంట నుంచి ముప్పావు గంట ఆగి మొదలుపెట్టండి. తలుపు వేయండి, ఫ్యాను ఆపండి. చేతులు సబ్బుతో కడిగి గ్లౌజులు వేసుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోకండి. వాసన పట్టలేకపోతే ముక్కు కింద కాస్త విక్స్ రాసుకోండి, ఆమెకు కనిపించదు. ఆమె మీ చేతుల వైపు చూడదు, మీ మొహం వైపే చూస్తూ ఉంటుంది.

పాత కట్టు. ఎప్పుడూ ఎండుగా ఉండగా లాగకండి. ఉప్పు నీళ్లు చెంబుతో సన్నగా ధారగా పోస్తూ, ఐదు నిమిషాలు నాననిచ్చి, దానంతట అది జారినప్పుడు తీయండి. పుండును రుద్దకుండా అదే ధారతో కడగండి. చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని మాత్రం మెత్తగా అద్ది ఆరబెట్టి, వాజిలైన్ గాని జింకు ఆక్సైడ్ క్రీము గాని పలచగా రాయండి. మూత్రం పుండు మీద పడి మండుతుంటే ఆ క్రీము కాపు కాస్తుంది, అయినా తగ్గకపోతే కెథెటర్ (మూత్రం బయటికి పోయే గొట్టం) పెట్టడం గురించి డాక్టరును అడగండి. యోనిలోంచి మూత్రం గాని మలం గాని కారుతోందని అనుమానం వస్తే దాచకుండా చెప్పండి, క్యాన్సర్ గోడను తొలిచి దారి చేసి ఉండవచ్చు.

వాసన. పుండులో గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. దానికి మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లడం మన దేశంలో ఉపశమన చికిత్స చేసే వాళ్లు చాలామంది నేర్పే పద్ధతి. ఎన్ని మాత్రలు, ఎన్నాళ్లు అన్నది డాక్టరు రాయాలి. పైన తీపి పూత ఉన్న మాత్ర అయితే ఆ పూత గీకేసి, రెండు చెంచాల మధ్య పెట్టి నలిపి, పిండిలా అయ్యేదాకా మెదపండి. పలుకులు ఉంటే గుచ్చుకుంటాయి. కట్టు మార్చిన ప్రతిసారీ ముందుగా ఈ పొడి చల్లి, దాని మీద వాజిలైన్ రాసిన గుడ్డ, దాని మీద మడత గుడ్డలు, పైన ప్యాడు. మా ఇంట్లో నాలుగో రోజుకే తేడా తెలిసింది, ఐదో రోజు పెద్దమ్మ మంచం వరండాలోంచి లోపలికి వచ్చింది. అప్పటికి ఇంకా కరెంటు చికిత్స జరగలేదు. అందుకే చెబుతున్నాను, యంత్రం కోసం ఎదురుచూస్తూ ఈ పని ఆపకండి.

మంచం కింద పళ్లెంలో నిప్పు లేని కట్టెబొగ్గులు పెట్టండి, అవి వాసన పీలుస్తాయి. సాంబ్రాణి, అగరుబత్తులు దట్టంగా వేయకండి. రెండు వాసనలూ కలిసి మూడోది పుడుతుంది, పైగా ఆమెకు దగ్గు.

ఈగలు. పగలు కూడా దోమతెర కట్టండి. కట్టులోంచి రసి బయటికి ఉబికిన గంటలోనే మార్చండి. పురుగులు కనిపిస్తే మీ శుభ్రతకు ఎవరూ మార్కులు వేయరు, సిగ్గుపడి దాచకండి. టర్పెంటైన్ నూనెతో తీసే పద్ధతి ఉంది, అది నర్సు చేతే చేయించండి.

తీసిన గుడ్డలను ప్లాస్టిక్ సంచిలో ముడి కట్టి పారేయండి. మళ్లీ వాడాలంటే సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, మండుటెండలో ఆరేయండి. మన ప్రాంతంలో ఎండకు కొదవ లేదు.

రక్తం పడితే

చిన్నగా చిమ్మితే చల్లని ఉప్పు నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టి, తీసి చూడకుండా పావుగంట గట్టిగా అదిమి పట్టండి. మధ్యమధ్య తీసి చూడడమే అందరూ చేసే తప్పు. రక్తం ఆగడానికి వాడే ట్రానెక్సమిక్ ఆమ్లం మాత్రలు ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టరును అడగండి. దుప్పట్లు, తువ్వాళ్లు ముదురు మెరూన్, ముదురు ఆకుపచ్చ రంగువి పెట్టండి. తెల్ల గుడ్డ మీద గరిటెడు రక్తం బిందెడుగా కనిపిస్తుంది, ఆమె బెదిరిపోతుంది. అదిమినా ఆగకపోతే 108కి చెప్పండి, ఒకరు ఆమె చేయి పట్టుకుని పక్కనే ఉండండి. పెద్ద రక్తస్రావం వస్తే ఏం చేయాలి, ఆసుపత్రికి తీసుకెళ్లాలా ఇంట్లోనే ఉంచాలా అన్నది రాకముందే ఆమెతోనూ డాక్టరుతోనూ మాట్లాడి పెట్టుకోండి.

నొప్పి

ఊళ్లో ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు రోజూ వేయించకండి. ఈ క్యాన్సర్లు మూత్రనాళాలను నొక్కి మూత్రపిండాలను దెబ్బతీస్తుంటాయి, ఆ ఇంజెక్షన్లు మిగిలినదాన్నీ చెడగొడతాయి.

మార్ఫిన్ పేరు చెప్పగానే ఇంట్లో మగవాళ్లు "అది చివరి మందు" అంటారు. నొప్పి గట్టిగా ఉన్నప్పుడు వాడే మందు అది, అంతే. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఇచ్చే పని సులువు చేశారు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి పనిచేస్తుంది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది అని గోడ క్యాలెండర్ మీద రాయండి. పడుకునేముందు మాత్రను డాక్టరు రెండింతలు రాస్తే అర్ధరాత్రి లేపక్కర్లేదు. నొప్పి వచ్చాక కాదు, వేళకు వేయాలి. రెండు డోసుల మధ్య నొప్పి లేస్తే అదనంగా ఎంత వేయవచ్చో ముందే అడిగి రాసుకోండి.

మార్ఫిన్‌తో పాటు విరేచనం అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి. అక్కడ పుండు ఉన్న మనిషికి మలబద్ధకం ఎంత బాధో ఊహించండి. మొదటి రెండు మూడు రోజులు వికారం, మగత ఉంటే సర్దుకుంటాయి. ఆ తర్వాత కొత్తగా లేపినా లేవనంత మగత, ఒళ్లు ఉలిక్కిపడడం, మూత్రం తగ్గడం కనిపిస్తే మూత్రపిండాలు మందును బయటికి పంపలేకపోతున్నాయేమో, వెంటనే చెప్పండి.

తిండి గురించి

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర, చేప తింటే పుండు మానదని పథ్యం పెడతారు. ఈ పుండు పప్పు వల్ల రాలేదు, పప్పు మానితే పోదు. పైగా మానడానికి మాంసకృత్తులు కావాలి. మా పెద్దమ్మకు మూడు నెలలు చారన్నం పెట్టారు. డాక్టరు ఏమైనా తినవచ్చన్న రోజు సాయంత్రం ఆమె అడిగింది మామిడికాయ వేసిన చేపల పులుసు. ముల్లు తీసి రెండు ముక్కలు తింది, మర్నాటి పొద్దున చద్దన్నంలోకి దాచమంది, పులుసు మర్నాటికే బాగుంటుంది కదా.

ఓణీల రోజు ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుంది, అడుగున రెండు ప్యాడ్లు. బయల్దేరే ముందు కట్టు మార్చాను, మాత్ర వేశాను. పీట పక్కన మెత్తటి దిండు వేసి అరగంట కూర్చోబెట్టాం. ఇలాంటి వేడుకకు తీసుకెళ్లేటప్పుడు వాహనం దగ్గరలోనే ఉంచుకోండి, పడుకోవడానికి ఒక గది అడిగి పెట్టుకోండి, గుడ్డల సంచి ఎవరి చేతిలో ఉందో ఒకరికే అప్పగించండి.

చివరగా మందుల సంగతి. మిగిలిన మార్ఫిన్ ఇంట్లో ఉంచుకోకూడదు, పక్కింటివాళ్ల నొప్పికి ఇవ్వకూడదు, కాలవలో పారేయకూడదు. వాడుతున్నన్నాళ్లూ పిల్లలకు అందని చోట తాళం వేసి, ఎన్ని వాడారో నోటు పుస్తకంలో రాయండి. ఆమె వెళ్లిపోయాక ఇచ్చిన ఆసుపత్రిలోనే తిరిగి ఇవ్వాలి. పెద్దకర్మ అయిన మూడో రోజు మా అక్క ఆ నోటు పుస్తకం, తొమ్మిది మాత్రలు పట్టుకుని వెళ్లింది. వాళ్లు లెక్క చూసి, సంతకం పెట్టించుకుని తీసుకున్నారు.